కట్టేశాననుకున్న మైకు

మా బావ ఆరడుగుల మనిషి. ఆ ఆరడుగుల్లో నోటి వంతుకు వచ్చింది మాత్రం చాలా తక్కువ. నేను ఆయన మరదలిని కనుక ఈ మాట అనే హక్కు నాకుంది. ఇంకెవరైనా అంటే ఊరుకోను.

ఆయన పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీస్తాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. రోగిని పలక ముందు నిలబెట్టి, భుజాలు సర్ది, గడ్డం కాస్త ఎత్తించి, తను సీసపు రేకు వేసిన గోడ వెనక్కి వెళ్తాడు. అక్కడ చిన్న అద్దం కిటికీ, బల్ల మీద ఒక మైకు ఉంటాయి. మైకు మీట నొక్కి పట్టుకుని "ఊపిరి పీల్చండి... బిగబట్టండి... వదలండి" అంటాడు. మీట మీంచి వేలు తీయగానే మైకు ఆగిపోతుంది. రోజుకు అరవై మందికి ఇవే మూడు ముక్కలు. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని "ఊపిరాయన" అంటారు. ఆ మైకులో వినిపించే గొంతు, రేడియోలో వార్తలు చదివేవాళ్ళు కూడా కుళ్ళుకునే గొంతు. అదే మనిషి బయటికొస్తే, బస్సు కండక్టరుకు దిగే చోటు చెప్పలేక రెండు స్టాపులు ముందుకు పోయి, అక్కడి నుంచి వెనక్కి నడిచొస్తాడు.

మా అక్కతో పరిచయమైంది కూడా ఆ గోడ వెనక నుంచే. మణికట్టు బెణికి అక్క ఎక్స్‌రేకు వెళ్ళింది. పనంతా అయ్యాక మైకులోంచి "మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని వినిపించిందట. "ఏం, రెండో చెయ్యి కూడా విరగ్గొట్టుకోమంటారా?" అంది అక్క. లోపల్నుంచి మీట వదిలిన చప్పుడు ఒక్కటే వినిపించిందట. పెళ్ళయిన నాటి నుంచి ఇంట్లో మాట్లాడే శాఖ మొత్తం అక్కదే. కూరల బేరాలు, ఇంటి ఓనరుతో గొడవలు, పిల్ల బడిలో టీచరుతో మాటలు, అన్నీ ఆవిడే చూసుకుంటుంది. బావ పక్కన నిలబడి తల ఊపుతాడు. ఆ తల ఊపడం కూడా అక్క కేసి చూసి, అవునా కాదా తెలుసుకున్నాకే.

రెండేళ్ళ కిందట మా ఊరి నది మీద కొత్త వంతెన పడింది. అవతలి ఒడ్డు వాళ్ళ భాష వేరు. ఇదివరకు వాళ్ళు ఇటు రావాలంటే సగం రోజు పట్టేది. ఇప్పుడు ఇరవై నిమిషాల్లో వచ్చేస్తున్నారు. వచ్చేవాళ్ళలో సగం మంది మా పెద్దాసుపత్రికే వస్తారు. వాళ్ళకు మన భాష రాదు, మనకు వాళ్ళది రాదు.

ఒకరోజు అవతలి ఒడ్డు నుంచి ఒక ముసలావిడ దగ్గుతో వచ్చింది. తోడు వచ్చిన మనవణ్ణి గది బయటే ఆపేశారు. బావ ఆవిణ్ణి పలక ముందు నిలబెట్టి, గోడ వెనక్కి వెళ్ళి, మైకులో "ఊపిరి పీల్చండి" అన్నాడు. కనబడని మనిషి గొంతు అర్థంకాని భాషలో వినిపించేసరికి ఆవిడ హడలిపోయి వెనక్కి తిరిగింది. ఫొటో పాడైంది. మళ్ళీ నిలబెట్టాడు, మళ్ళీ తిరిగింది. నాలుగోసారికి ఆవిడ పలకను పట్టుకుని ఏడుస్తోంది. ఆ ముసలి ప్రాణానికి ఒక్కసారి పడాల్సిన కిరణాలు నాలుగుసార్లు పడ్డాయి. ఆ సాయంత్రం బావ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచిపోయాడు. "ఒక్క మాట వచ్చుంటే చాలు. భయపడకండమ్మా అని ఒక్క మాట," అన్నాడట అక్కతో. ఆయన అంత పొడుగు మాట చెప్పడమే అక్కకు భయం వేసింది.

అలాంటివి ఇంకా చాలా చోట్ల జరిగినట్టున్నాయి. ఆసుపత్రి వాళ్ళు ఒక కాగితం అంటించారు. రోగుల దగ్గర పనిచేసేవాళ్ళంతా అవతలి భాష పది వారాలు ఆన్‌లైన్‌లో నేర్చుకోవాలి. చివర్లో నోటి పరీక్ష ఉంటుంది. తప్పినవాళ్ళను రోగులతో పనిలేని చోటికి మారుస్తారు. ఎక్స్‌రే వాళ్ళకైతే ఆ చోటు కింది అంతస్తులో పాత ఫైళ్ళ గది.

నేర్చుకోవడానికి బావకు అభ్యంతరం లేదు. నిజానికి పుస్తకం వచ్చిన వారానికే అందులో సగం ఆయనకు నోటికొచ్చేసింది. నోటికి రావడం వేరు, నోట్లోంచి రావడం వేరు కదా, అక్కడే వచ్చింది చిక్కు.

మంగళ, గురు, శనివారాల్లో సాయంత్రం ఆరింటికి క్లాసు. వెనకగదిలో కుట్టుమిషను బల్ల మీద మా అమ్మాయి పాత ల్యాప్‌టాప్ పెట్టుకుని, క్షవరం చేయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. తెర మీద పన్నెండు గళ్ళు. ఒక గడిలో అవతలి ఒడ్డు పంతులమ్మ. మిగతావాటిలో అంబులెన్సు డ్రైవరు, మందుల కౌంటరు అమ్మాయి, ఇంకా ఆసుపత్రిలో వాళ్ళూ వీళ్ళూ. ఒక గడిలో తనే. పంతులమ్మ "మీ పేరు చెప్పండి, ఏం పని చేస్తారో చెప్పండి" అంది. అందరూ చెప్పారు. బావ వంతు వచ్చింది. పేరు తనదే, పని కూడా ఇరవై ఆరేళ్ళ నాటిది, అయినా రెండూ రాలేదు. చెమటలు కారుతున్న తన మొహం తనకే కనబడుతోంటే ఇంకా బిగుసుకుపోయాడు. చివరికి చెవి దగ్గర చెయ్యి ఊపి, నెట్ బాగాలేదన్నట్టు సైగ చేశాడు.

రెండో క్లాసులో మైకు పాడైంది. మూడో క్లాసులో గొంతు పాడైంది. నాలుగో క్లాసుకు వీధి మొత్తం కరెంటు పోయిందన్నాడు, అదే వీధిలో ఉంటున్న అంబులెన్సు డ్రైవరు దేదీప్యమానంగా తెర మీద వెలుగుతుండగా.

అప్పుడు అక్క నాకు ఫోను చేసింది. నేను బీమా ఆఫీసులో పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుంటాను. అందుకని మా రెండిళ్ళకూ కంప్యూటరు వైద్యం నాదే. వెళ్ళి రోగిని చూశాను.

"బావా, అసలు భయం దేనికి? వాళ్ళేమన్నా కొరుకుతారా?"

"చూస్తారు," అన్నాడు బావ.

"చూస్తే?"

"నేను కూడా చూస్తాను. నన్ను."

సరే, ముందు అది తీసేద్దామని, ఆయన గడి ఆయనకు కనబడకుండా దాచేశాను. ఆ తర్వాత కెమెరా బదులు బొమ్మ పెట్టుకోవచ్చని చూపించాను. ఆ క్లాసులో అలాంటి వీలు ఉంది. మనిషి మొహం బదులు ఏదో ఒక జంతువు మొహం కనిపిస్తుంది, మనం మాట్లాడితే దాని నోరు కదులుతుంది. ఏ జంతువు కావాలో తేల్చుకోవడానికి బావకు గంట పట్టింది. జింక మరీ నాజూకుగా ఉందన్నాడు. పులి అయితే నవ్వుతారన్నాడు. చివరికి నీటిగుర్రం దగ్గర ఆగాడు.

"అదేంటండీ, దాని నోరు చూడండి ఎంతుందో!" అంది అక్క.

"ఎవరో ఒకరికి ఉండనీ," అన్నాడు బావ.

ఇంకొకటి కూడా ఎక్కించాను. ఫోనులో మాట్లాడే యంత్రం. ఆ భాషలో మనతో కబుర్లాడుతుంది. తప్పు చెబితే నవ్వదు, ఆలస్యం చేస్తే విసుక్కోదు. ప్రశ్న అడిగాక మనం నోరు తెరవడానికి ఎంతసేపు పట్టిందో లెక్క కూడా చెబుతుంది. మొదటిరోజు బావకు పదకొండు సెకన్లు పట్టింది. రెండు వారాల్లో మూడు సెకన్లకు దిగాడు. పెరట్లో బట్టలారేస్తూ దానితో మాట్లాడేవాడు. నిన్న వర్షం పడిందని, వంకాయలు బాగాలేవని, మోకాలు నొప్పి పెడుతోందని. "నాకు చెప్పని మోకాలు నొప్పి దానికి చెప్పారా!" అని అక్క రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగింది. ఆవిడ గోడు నాకు అర్థమైంది. ఇన్నేళ్ళు కాపురం చేసినా, ఆ మనిషి నోటి వెంట అన్ని మాటలు ఆవిడ వినలేదు.

ఆ యంత్రం ఒక సలహా చెప్పింది. క్లాసులో మీ వంతు వచ్చేదాకా ఊరికే కూర్చోకండి, ప్రతి ప్రశ్నకూ జవాబు మీలో మీరే మెల్లగా గొణుక్కోండి, గొంతు వేడెక్కుతుంది అని. బావ ఆ సలహాను శిరసావహించాడు. నాలుగో వారం నుంచి క్లాసు జరిగినంతసేపూ పెదవులు కదుపుతూనే ఉండేవాడు. కానీ పంతులమ్మ పిలిచేసరికి మళ్ళీ అదే వరస. నీటిగుర్రం నోరు మూతపడిపోయేది. "మీ గొంతు వినబడటం లేదండీ" అని ఆవిడ, నెట్ బాగాలేదని రాసి పంపుతూ ఈయన. ఇక ఈ మనిషికి ఫైళ్ళ గదే గతి అని నేను లోపల అనుకుంటున్నాను. పైకి మాత్రం "బ్రహ్మాండంగా ఉంది బావా" అంటున్నాను.

ఏడో వారం గురువారం నాడు కొత్త చార్జరు ఇద్దామని వెళ్ళాను. క్లాసు సగంలో ఉంది. గుమ్మంలో నిలబడి బావ వీపు వెనక నుంచి తెర కేసి చూశాను. పంతులమ్మ అవతలి భాషలో ఏదో అడిగింది. మందుల కౌంటరు అమ్మాయి నోరు తెరిచి ఆగిపోయింది. ఇక్కడ బావ తనలో తను ఏదో గొణిగాడు. అక్కడ ఆ అమ్మాయి వెంటనే అదే మాట అప్పజెప్పింది. అంబులెన్సు డ్రైవరు తల వంచుకుని నోట్సులో రాసుకుంటున్నాడు. బావ ఇంకో మాట గొణిగితే అది కూడా రాసుకున్నాడు.

అప్పుడు చూశాను, తెర కింద మైకు గుర్తు పచ్చగా వెలుగుతోంది.

విషయం అర్థం కావడానికి నాకు అర నిమిషం పట్టింది. ఎక్స్‌రే గదిలో మైకు మీట నొక్కి పట్టుకుంటే మాట వెళ్తుంది, వదిలితే ఆగిపోతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆయన వేలికి తెలిసిన మైకు అదొక్కటే. ఈ క్లాసు మైకు అలా కాదు. ఒకసారి నొక్కితే తెరుచుకుంటుంది, మళ్ళీ నొక్కేదాకా తెరిచే ఉంటుంది. బావ క్లాసు మొదట్లో నమస్కారం చెప్పడానికి ఒకసారి నొక్కి, వదిలేసి, కట్టేశాననుకున్నాడు. ఇక గంటసేపు ఆయన గొణిగిందంతా పదకొండు ఇళ్ళల్లో వినిపించింది. తీరా పంతులమ్మ పిలిచినప్పుడు, మాట్లాడాలి కదా అని మళ్ళీ నొక్కేవాడు. దాంతో మైకు కట్టయ్యేది. అడగనంతసేపూ అనర్గళంగా మాట్లాడి, అడగగానే పనిగట్టుకుని మైకు కట్టేసే విద్యార్థిని ఆ పంతులమ్మ అంతకుముందు చూసి ఉండదు. నీటిగుర్రం నోరు ఆడుతూనే ఉంది కానీ, ఆయన గడిని ఆయనకు కనబడకుండా చేసిన మహాతల్లిని నేనే.

అక్కడ నేను చెయ్యాల్సింది నోరు మూసుకుని వెనక్కి వెళ్ళడం. ఆ పని మా ఇంట్లో బావకే చేతనవును. నాకు నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని, "బావా! మైకు ఆన్‌లో ఉంది! ఇన్నాళ్ళూ అందరూ నీ మాటలే వింటున్నారు!" అని అరిచేశాను. 'మీరు' అనడం కూడా మర్చిపోయాను.

తెర మీద పదకొండు తలలు ఒక్కసారి పైకి లేచాయి. ఒక్కరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు, దొరికిపోయినవాళ్ళ మొహాల్లా ఉన్నాయి. బావ వాళ్ళ కేసి చూశాడు, నా కేసి చూశాడు, ల్యాప్‌టాప్ మూసేశాడు. ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

పంతులమ్మకు ఫోను చేసి కడిగేశాను. "మూడు వారాలుగా తెలిసీ చెప్పకపోవడం ఏం మర్యాదండీ?"

ఆవిడ వచ్చీరాని మన భాషలో చెప్పుకొచ్చింది. "మొదటిరోజే చెప్పాలనుకున్నా. ఆయన నోరు విప్పింది ఆ రోజేనండీ. చెబితే మూసేస్తాడని భయం. వచ్చే క్లాసులో చెబుదాం, వచ్చే క్లాసులో చెబుదాం అనుకుంటూ ఉండిపోయా. మిగతావాళ్ళని చెప్పొద్దన్నది నేనే. తప్పు నాదే." ఆగి, "ఆయన చెబుతుంటే క్లాసు బాగా సాగేది," అంది.

తప్పు ఒప్పుకున్నవాళ్ళతో గొడవ పెట్టుకోవడం నాకు రాదు. పైగా అందులో నా వాటా నాకు తెలుసు.

బావ నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆయన మామూలుగా ఊరుకున్నాడో, అలిగి ఊరుకున్నాడో కనుక్కోవడానికి అందులో రెండు రోజులు పోయాయి. శనివారం క్లాసుకు కూర్చోలేదు. మంగళవారమూ కూర్చోలేదు. ఆసుపత్రి ఆఫీసుకు వెళ్ళి బదిలీ కాగితం తెచ్చుకున్నాడు. నేను వెళ్ళేసరికి వంటింట్లో బల్ల మీద పెట్టుకుని, పేరు దగ్గర పేరు, వయసు దగ్గర వయసు నింపుతున్నాడు.

"అక్కడ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

అక్క అంట్లు తోముతోంది. వెనక్కి తిరగలేదు. "రోజూ మీరు ఇంటికొచ్చి నాకు చెప్పే నాలుగు మాటలూ ఆ గది గురించేనండీ. ఇవాళ ఒక చిన్నపిల్ల బటను మింగిందని, ఒకాయన భుజం ఇలా జారిందని. ఫైళ్ళ గదికి పోయాక ఏం చెబుతారు నాకు?" అంది. మా అక్క ఏడుపు దాచుకోవడం నాకు తెలుసు, గిన్నె గట్టిగా తోముతుంది.

బావ కలం ఆగింది గానీ కాగితం మడవలేదు.

నాకు తోచింది ఒక్కటే. రాలేనివాళ్ళ కోసం ప్రతి క్లాసూ రికార్డు చేసి పెడతారు. నా ఫోనులో ఐదో వారం శనివారం క్లాసు తీసి, గట్టిగా పెట్టి, బల్ల మీద ఆ కాగితం పక్కనే ఉంచాను. తిడితే తిట్టనీ అనుకున్నాను.

మొదట పంతులమ్మ గొంతు. వెనక ఇంకో గొంతు, మెల్లగా, జవాబుల మీద జవాబులు. ఆ భాష రాని నాకు కూడా, ఇబ్బంది లేని మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తోంది. మధ్యలో మా అక్క కేక, "ఏమండీ, పాలు చూస్తున్నారా?" ఆ వెంటనే బావ మన భాషలో, "ఈ డ్రైవరు మళ్ళీ అక్కడే తడబడ్డాడు, పాపం." నేను ఓరకంట చూశాను. బావ చెవులు మళ్ళీ కందుతున్నాయి. కానీ వింటున్నాడు. ఎక్స్‌రే ఫొటోను వెలుతురుకు పెట్టి చూసేటప్పుడు ఎలా తల వంచుతాడో అలా వంచి వింటున్నాడు.

కాసేపటికి ఆ గొంతు పాఠం వదిలేసి ఇంకేదో చెప్పింది. ఒకటే మాట, నెమ్మదిగా, రెండు మూడుసార్లు. తర్వాత పంతులమ్మ ఆ మాటనే పలికింది. ఆవిడ వెనక డ్రైవరు, కౌంటరు అమ్మాయి, ఒకరి తర్వాత ఒకరు, అందరూ పలికారు.

"ఏమన్నారండీ?" అంది అక్క.

"భయపడకండమ్మా, నేనిక్కడే ఉన్నాను అని," అన్నాడు బావ. "ఆ ముసలావిడకి చెప్పాల్సింది. అప్పుడప్పుడూ అనుకుంటూ ఉంటాను. ఆ రోజు క్లాసులో అందరూ అదే అంటోంటే, పాఠంలో ఉందేమో అనుకున్నాను."

అక్క తడి చేత్తోనే ఆ బదిలీ కాగితం తీసింది. సిరా అలుక్కుపోయింది. బావ ఇంకోటి తెచ్చుకోలేదు.

గురువారం మళ్ళీ కూర్చున్నాడు. ఇక అన్నీ చక్కబడ్డాయని చెబితే అబద్ధం. అందరూ వింటున్నారని తెలిశాక ఇంకా కష్టమైంది. మైకు పక్కన "నొక్కి వదిలెయ్యాలి" అని చీటీ అంటించుకున్నాడు. పిలిస్తే నీటిగుర్రం నోరు తెరిచి, ఒకటి, రెండు, మూడు, ఐదు సెకన్లు అలాగే ఉండి, అప్పుడు ఒక మాట అనేది. డ్రైవరు మాత్రం, "ఊపిరాయనా, కాస్త గొణగండి, మాకు జవాబులు దొరకట్లేదు" అని మొత్తుకునేవాడు. ఆ మాటకు బావ నవ్వడం నేను విన్నాను. ఇలా పదో వారం గడిచింది.

పరీక్షకు మాత్రం జంతువులు పనికిరావు. మొహం కనబడాలి. ఎదుట కూర్చునేది పంతులమ్మ కాదు, అవతలి ఒడ్డు నుంచి వేరే అధికారి, మీసాలాయన. ఎవరినీ ఊరికే వదలడని పేరు. ఆసుపత్రి కంప్యూటరు గదిలో, బుధవారం పదిన్నరకు బావ వంతు. మంగళవారం బావ రాత్రి భోజనం చెయ్యలేదు. బుధవారం పొద్దున టిఫినూ తినలేదు. అక్క నాకు ఫోను చేసి, "ఈయన పరీక్ష గదికి వెళ్తాడంటావా?" అంది.

పదిన్నరయింది. వెళ్ళలేదు.

ఆ రోజు ఏం జరిగిందో నాకు తర్వాత మూడు వైపుల నుంచీ తెలిసింది. పది గంటలకు అవతలి ఒడ్డు నుంచి ఒక దర్జీ ఆవిణ్ణి చక్రాల మంచం మీద తీసుకొచ్చారు. మెట్టు జారి పడింది, తుంటి ఎముక చూడాలి. ఆవిడ నొప్పి గురించి ఒక్క మాట అనడం లేదు. చేతులు పట్టుకుని ఏదో చెప్పి చెప్పి ఏడుస్తోంది. నర్సు నొప్పికి మందిచ్చింది. ఇంకో ఆయన మంచినీళ్ళిచ్చాడు. గోడ వెనక ఉన్న బావకు ఆవిడ మాటలు అర్థమయ్యాయి. కొట్టు తాళం వేసి వచ్చేశాను, లోపల ఇస్త్రీ పెట్టె వేసే ఉంది, బల్ల నిండా బట్టలు, పైన అద్దెకున్నవాళ్ళ పసిపిల్ల నిద్రపోతోంది అంటోంది.

ఆయన మైకు ముట్టుకోలేదు. గోడ వెనక నుంచి బయటికొచ్చి, మంచం పక్కన నిలబడి, ఆవిడ భాషలో, ఆవిడ మొహం చూస్తూ, కొట్టు ఎక్కడ, పక్కన ఎవరుంటారు, నంబరు ఎంత అని అడిగాడు. గదిలో ఫోను తీసి, ముక్కూ మొహం తెలియని పక్కకొట్టాయనతో మాట్లాడాడు. పైనున్నవాళ్ళను దించమన్నాడు. తాళం సంగతి చూసి ఇదే నంబరుకు ఫోను చెయ్యమన్నాడు. గడియారం పదీ ముప్పావు చూపిస్తోంది. ఆయనకు పరీక్ష గుర్తే లేదు.

అదే సమయానికి మీసాలాయన, అభ్యర్థి రాలేదేమిటని ఎక్స్‌రే గదికి ఫోను చేశాడు. ఫోను మోగీ మోగకముందే బావ అందుకున్నాడు. పరీక్ష మాటలన్నీ రికార్డవుతాయి కనుక ఆ సంభాషణ మొత్తం మా దగ్గర ఉంది. పంతులమ్మ దాన్ని మన భాషలో రాసి పంపింది.

"ఎక్స్‌రే గదేనా?"

"తాళం పగలగొట్టావా లేదా?"

"ఏం తాళం? నేనెవర్నంటే..."

"ఎవరైతే ఏమయ్యా! లోపల ఇస్త్రీ పెట్టె కాలుతోంటే పరిచయాలా! పాపను దించారా?"

"ఏ పాప?"

"పైనున్న పాప! నీకు ఇందాక చెప్పింది ఏ చెవిన పడింది?"

"అయ్యా, నేను పరీక్ష అధికారిని. పదిన్నరకు మీ పరీక్ష."

ఇక్కడ రికార్డింగులో నిశ్శబ్దం ఉంది. నేను లెక్కపెట్టాను. సరిగ్గా రెండు సెకన్లు.

"అయితే మీరు ఫోను పెట్టెయ్యండి," అన్నాడు మా బావ. "ఈ లైను ఖాళీగా ఉండాలి. ఇక్కడ ఒకావిడ ప్రాణం కొట్టుకుంటోంది. పరీక్ష ఎక్కడికీ పోదు, కొట్టు పోతుంది."

"మీరు రాకపోతే తప్పినట్టు రాయాలి."

"రాసుకోండి. ముందు ఫోను పెట్టండి." అని ఆయనే పెట్టేశాడు.

మరో పది నిమిషాలకు పక్కకొట్టాయన ఫోను వచ్చింది. బల్ల మీద రెండు చొక్కాలు మాడాయి, అంతకు మించి ఏమీ కాలేదు. పాప మేలుకోను కూడా లేదు. అది విన్నాక దర్జీ ఆవిడ కదలకుండా పడుకుంది. ఒక్కసారికే ఫొటో బాగా వచ్చింది. అప్పుడు గానీ పరీక్ష పోయిందన్న సంగతి బావకు తలకెక్కలేదు. ఇంటికొచ్చి అక్కతో, "అయిపోయింది. ఫైళ్ళ గదే," అన్నాడు. అక్క వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

శుక్రవారం ఫలితాల కాగితం వచ్చింది. బావ విప్పనన్నాడు. అక్క దాన్ని నావైపు తోసింది. నేనే విప్పి, బయటికి చదివాను.

"ఉత్తీర్ణుడు. భాష ధారాళంగా ఉంది, తడబాటు లేదు. ఎదుటివారి మాట పూర్తిగా వినరు. నోటి దురుసు ఎక్కువ, తగ్గించుకోవాలి."

ఇంకోసారి చదవమంది అక్క. చదివాను. ఆఖరి వాక్యం దగ్గర ఆవిడ నా చేతిలోంచి కాగితం లాక్కుంది. తన మొగుడికి నోటి దురుసు ఎక్కువని సర్కారు ముద్ర వేసి చెబుతున్న ఆ కాగితాన్ని గుండెలకు హత్తుకుని, నవ్వుతూ, వెక్కి వెక్కి ఏడ్చింది. నా కళ్ళు కూడా ఊరుకోలేదు.

బావకు మాత్రం కోపం వచ్చింది. "వినకపోవడం ఏమిటి? విన్నాను కదా! ఫోను పెట్టమంటే పెట్టనివాడిది దురుసా, నాది దురుసా?" అని మొదలుపెట్టి, వంటింట్లోంచి వెనకగదికి, వెనకగదిలోంచి వంటింట్లోకి తిరుగుతూ, చెప్పిందే చెబుతూ, పావుగంట మాట్లాడాడు. మేమిద్దరం గోడకు ఆనుకుని కూర్చుని వింటున్నాం.

"ఇక ఆపమని చెప్పవే," అన్నాను అక్కతో.

"ఉండు," అంది అక్క, "చెప్పనీ."